సగానికి తగ్గిన సొరుగు

శివకుమార్ గారి గురించి ఎవరైనా అడిగితే ముందు ఆయన మీద నాకున్న కోపం చెబుతాను, తర్వాతే మిగతావి. ఆ మనిషి ముప్ఫయ్యేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నాడు. అందులో పదహారేళ్లు ఆ కుర్చీకి ఎదురుగా నా కుర్చీ. ఇన్నేళ్లలో ఆయన నన్ను అడిగి పుచ్చుకున్నవి రెండే రెండు. ఒకసారి స్టేప్లర్ పిన్నులు, ఇంకోసారి బీరకాయ కూర ఎలా వండాలో. పిన్నులు మర్నాడే తిరిగిచ్చేశాడు కూడా.

మాది యూనివర్సిటీ క్యాంపస్‌లో లైబ్రరీ. నా పేరు హెలెన్, సభ్యుల కార్డుల కౌంటరు నాది. మా నాన్న ఏసురత్నం గారు తెనాలి దగ్గర మిషన్ స్కూల్లో పంతులు. ఆయన నోరే నాకొచ్చిందని మా అమ్మ అనేది. శివకుమార్ గారిది నల్గొండ వైపు పల్లె. నా కౌంటరు వెనకాల అద్దాల గదిలో కంప్యూటర్ల పని ఆయనది. కార్డు నంబరు కొడితే ఆ మనిషి పేరు, చిరునామా, తీసుకున్న పుస్తకాలు తెర మీద పడతాయి కదా, ఆ ప్రోగ్రాము ఎక్కడా కొన్నది కాదు. 1998లో ఆయనే కూర్చుని రాశాడు. యాభై వేల మంది అందులో ఉన్నారు.

కొత్తగా చేరినవాళ్లకు దాన్ని కంప్యూటర్ భాషలో చెప్పేవాడు కాదు. హాల్లో ఓ మూలన పడున్న పాత కేటలాగు బీరువా దగ్గరికి తీసుకెళ్లి సొరుగులు లాగి చూపించేవాడు. ఒక సొరుగులో అరవై కార్డులే పట్టాలి. అరవై ఒకటోది వచ్చిందంటే సగం కార్డులు తీసి కొత్త సొరుగులో వెయ్యాలి. ఏ నంబరు నుంచి ఏ సొరుగో ఒక చీటీ రాసి పై సొరుగులో పెట్టాలి. పై సొరుగు చీటీలతో నిండిపోతే దాన్నీ అలాగే రెండు చెయ్యాలి. ఈ సొరుగులన్నీ కలిసి ఒక చెట్టనుకుంటే, అందులో ఒక కొమ్మ పొడుగు, ఇంకో కొమ్మ పొట్టి ఉండదు, అన్ని ఆకులూ ఒకే ఎత్తు. అందుకే యాభై వేలలో ఏ కార్డు కావాలన్నా మూడంటే మూడు సొరుగులు తెరిస్తే దొరుకుతుంది. ఆ రోజుల్లో డిస్కు మీద ఫైలు తెరిచి ఒక్కో సొరుగు చదవాలంటే కంప్యూటరు ఆయాసపడేది, కాబట్టి మూడుతో సరిపెట్టడమే ఆయన గొప్ప. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన ముఖం వెలిగేది. మిగతా వేళల్లో ఆ ముఖంలో ఏముందో వెతకాలంటే మూడు సొరుగులు సరిపోవు.

ఆ ప్రోగ్రాములో ఒక వెలితి ఉంది. చేర్చడం, వెతకడం రాశాడు గానీ తీసెయ్యడం రాయలేదు. తీసెయ్యడానికీ ఒక పద్ధతుంది. కార్డులు పోగా పోగా ఏదైనా సొరుగు సగానికి తగ్గితే దాన్ని అలా వదిలెయ్యకూడదు. పక్క సొరుగులో సగానికి మించి ఉంటే అక్కడినుంచి తెచ్చుకోవాలి. పక్కదానిలోనూ బొటాబొటిగానే ఉంటే రెండింటినీ కలిపి ఒక్కటి చెయ్యాలి. అప్పటి లైబ్రేరియన్ అచ్యుతరామయ్య గారు, లైబ్రరీకి మనుషులు వస్తారే గాని పోరయ్యా, ముందు చేర్చేది రాయి, తీసేసేది తర్వాత చూద్దాం అన్నారట. ఆ తర్వాత అనేది ఇరవై ఏళ్లు దాటినా రాలేదు. చదువు ముగించి వెళ్లిపోయినవాళ్ల కార్డు మీద ‘రద్దు’ అని ఒక గుర్తు పడుతుంది, అంతే. కార్డు ఆ సొరుగులోనే ఉంటుంది. మా కార్డు నంబర్లు చేరిన సంవత్సరంతో మొదలవుతాయి కాబట్టి పాత సంవత్సరాల సొరుగుల్లోకి కొత్తవాళ్లు వచ్చే దారి లేదు. 1999 సొరుగుల్లో ఒకదానిలో బతికున్న కార్డు ఒక్కటే.

ఆ ఒక్కటి ఆయన భార్య వాసంతిది. పెళ్లయిన కొత్తలో ఆవిడ దూరవిద్యలో ఎమ్మే కట్టి మా దగ్గర కార్డు తీసుకున్నారు. ఆరేళ్ల కిందట జబ్బు చేసి పోయారు. పిల్లలు లేరు. చనిపోయిన సభ్యుల కార్డులు రద్దు చెయ్యాలని రూలు, ఆ జాబితా రాయాల్సింది నేను. నేను రాయలేదు, ఆయన అడగలేదు. మా ఇద్దరి మధ్యా మంచితనమంటూ ఏదైనా నడిచిందంటే అదొక్కటే, అదీ మాటల్లేకుండా నడిచింది.

ఆవిడ పోయాక ఆయన సాయంత్రం లైబ్రరీ మూసేదాకా కదిలేవాడు కాదు. ఆదివారాలు కూడా ఫైలు కాపీ తియ్యాలన్న వంకతో వచ్చి కూర్చునేవాడు. మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం, ఒక ఉడకబెట్టిన గుడ్డు. నేను నల్లకుంట నుంచి మా అమ్మాయి జెస్సికా కట్టిచ్చిన నాలుగు గిన్నెల క్యారియర్ విప్పుకుని ఎదురుగా తినేదాన్ని. రండి, ఇంత కూర వేసుకోండి అని మొదట్లో ఒకటి రెండుసార్లు అన్నాను. వద్దన్నాడు. వద్దంటే మానేశాను. అక్కడే నేను తప్పు చేశాను, ఈ రాసేదంతా అందుకే.

ఆయన ఉండేది తార్నాకలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మూడో అంతస్తులో. ఎదురు వాటాలో అమృతమ్మ అని రిటైరైన నర్సమ్మ అద్దెకుండేది. ఆవిడ తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు కూడా అక్కడే ఉండేవాళ్లు. వాసంతి ఉన్నప్పుడు రెండు గుమ్మాల మధ్య గిన్నెలు తిరుగుతూనే ఉండేవట. వాసంతి పోయాక కూడా అమృతమ్మ నెలకొకసారి ఒక స్టీలు గిన్నెలో కూర పంపేది. ఈయన తినేవాడు. గిన్నె తోమి బోర్లించేవాడు. ఇక తిరిగివ్వాలంటే చిక్కొచ్చింది. కూరొచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదు, అది మన ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఈయనకు అన్నం, గుడ్లు తప్ప వండటం రాదు. కర్రీ పాయింట్‌లో కొన్నది పోసిస్తే మర్యాద కాదనుకున్నాడు. వంట నేర్చుకున్నాక ఇద్దాంలే అనుకున్నాడు. గిన్నె మీద గిన్నె చేరి ఏడాదికి పదకొండయ్యాయి. గిన్నెలు వెనక్కి రాకపోతే ఏ ఇల్లాలైనా ఏమనుకుంటుంది? వంట నచ్చలేదనుకుంటుంది, లేదా మనిషికి పొగరనుకుంటుంది. పన్నెండోది రాలేదు.

పోనీ నోరు తెరిచి ఒక మాట చెప్పొచ్చుగా. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత. ఈయన పెట్టినదానికి సమాధానం కూడా చెప్పలేకపోయాడు. మెట్ల మీద ఎదురైతే తల ఊపి వెళ్లిపోయేవాడు. ఆ ఇంటి గుమ్మం ముందు ఎప్పుడు చూసినా నాలుగైదు జతల చెప్పులు, లోపల టీవీ మోత. నిండిల్లు, వాళ్లకు తన అవసరమేముంది అనుకునేవాడు. ఇవన్నీ నాకు చివరిరోజు తెలిశాయి. తెలిశాయి కాబట్టి ముందే చెబుతున్నాను.

ఈ ఏడు మే నెలాఖరుకు ఆయన రిటైర్మెంట్. మార్చిలో ఆయన పని అందుకోవడానికి ప్రవళిక అనే అమ్మాయి వచ్చింది. సిద్దిపేట పిల్ల, చురుకు, నోట్లో మాట దాచుకోదు. వారం రోజులు ప్రోగ్రాము చదివి, సార్, డిలీట్ ఏడున్నది అని అడిగింది. లేదన్నాడు. ఆ పిల్ల నవ్వలేదు గాని, నవ్వినా బాగుండేదేమో, ఆశ్చర్యపోయింది. సగం సొరుగుల్లో దాదాపు అన్నీ రద్దు కార్డులే, ఫైలు మాత్రం కొండంత. ఉన్న కార్డుల వరకు కొత్త ఫైలులోకి ఎక్కిద్దాం, ఒక పూట పని అంది. ఈయన ఒప్పుకోలేదు.

“అరకొరగ ఇడిసి పోవుడు మంచిగుండదమ్మా. నేనే రాసిపోత” అన్నాడు.

మే మొదటి వారంలో వాచ్‌మన్ భార్య బుచ్చవ్వ ఆయనకు ఇంకో కబురు చెప్పింది. నెలాఖరుకు అమృతమ్మ ఇల్లు ఖాళీ చేసి గోల్నాక పోతున్నదని. అంటే ఆ నెలాఖరులోగా ఆయనకు రెండు పనులు పడ్డాయి. ఒకటి తీసివేత రాయడం. రెండోది పదకొండు గిన్నెల నిండా కూర వండి ఎదురింటి తలుపు కొట్టడం. జూన్ ఒకటో తారీకు నుంచి పొద్దున లేస్తే వెళ్లడానికి లైబ్రరీ ఉండదు. పలకరించేవాళ్లు ఎవరైనా మిగలాలంటే ఆ ఎదురు తలుపు ఒక్కటే. అది కూడా మూసుకుపోబోతోంది. నోరు తెరిచి చెప్పలేదు గాని, ఆ నెల్లాళ్లు ఆయన ముఖంలో భయం నేను చూశాను. రిటైర్మెంట్ దిగులనుకున్నాను.

అప్పుడే బీరకాయ కూర గురించి అడిగాడు. నేను చెబుతుంటే నోటుబుక్కులో ఒకటి, రెండు, మూడు అని వరసలు వేసి రాసుకున్నాడు. ఉప్పు ఎంత అంటే తగినంత అన్నాను. తగినంతంటే ఎంత మేడం అని పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. ఎవరికండీ విందు అని ఎగతాళి చేశాను. తల వంచుకుని వెళ్లిపోయాడు. రెండ్రోజుల తర్వాత బొటనవేలికి కాలిన మచ్చ. మూడో ప్రయత్నానికి కూర కుదిరిందని మాత్రం చెప్పాడు. అప్పుడే ఒక గిన్నెలో పోసి ఇచ్చేసి ఉంటే సరిపోయేది. కానీ ఈయన లెక్క వేరు, ఇస్తే పదకొండూ ఒకేసారి ఇవ్వాలి, అదీ ముప్ఫయ్యో తారీకు సాయంత్రం తీరిగ్గా కూర్చుని వండి ఇవ్వాలి. ముందు ప్రోగ్రాము, తర్వాత గిన్నెలు. మళ్లీ అదే తర్వాత.

ఇరవై తొమ్మిదిన ప్రోగ్రాము అయిపోయిందన్నాడు. ముప్ఫయ్యిన పొద్దున ప్రవళిక పాత ఫైలు కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, ఇంకో కాపీ మీద దాన్ని నడిపింది. ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఒక సొరుగు పక్కదానిలోంచి కార్డులు తెచ్చుకుంటుంది. దాంతో పక్కది సగానికి తగ్గుతుంది. అది మళ్లీ మొదటిదానిలోంచి తెచ్చుకుంటుంది. మధ్యాహ్నం దాకా వెతికి, ఆ పిల్లే పట్టుకుంది.

“పక్క దాంట్ల ఎన్నున్నయో చూస్తనే లేరు సార్. నిండుగ ఉన్నదనుకుంటున్నరు. గది కూడ దీని లెక్కనే సగం ఖాళీ” అంది.

పక్క సొరుగును ముందు లెక్కపెట్టాలని, అదీ బొటాబొటిగా ఉంటే రెండూ కలిపెయ్యాలని ఆయనకు తెలియక కాదు. పాతికేళ్లుగా కొత్తవాళ్లకు చెబుతున్నది ఆయనే. రాసేటప్పుడు చేతికి రాలేదు. దాన్ని సరిచేసి, మొత్తం మళ్లీ నడిపి చూసేసరికి లైబ్రరీ మూసే వేళయింది. ఫైలు సగానికి చిక్కింది. చివరగా ఆయన తన చేత్తోనే ఒక పాత నంబరు కొట్టి చూసుకున్నాడు. వాసంతి కార్డు ఉంది. ఇప్పుడది ఒంటరిగా లేదు, ముందూ వెనకా వేరే సంవత్సరాల కార్డులున్న సొరుగులో ఉంది. నేను బ్యాగు సర్దుకుంటూ అద్దంలోంచి చూశాను. ఆయన కళ్లు తుడుచుకుంటే తల పక్కకు తిప్పుకున్నాను.

ఆ సాయంత్రం బీరకాయలు కొనడానికి వెళ్తే సంత లేచిపోయిందట. రేపు సభ అయ్యాక వండొచ్చులే, నెలాఖరంటే రేపే కదా అనుకున్నాడు.

ముప్ఫై ఒకటిన వీడ్కోలు సభ. ఇద్దరు ప్రొఫెసర్లు మాట్లాడారు, ఒకాయన ఈయన పేరు తప్పుగా పలికాడు. శాలువా కప్పారు, దండ వేశారు, ఒక గోడగడియారం ఇచ్చారు. రిటైరైన మనిషిని ఇంటిదాకా దిగబెట్టి రావడం మా ఆఫీసు ఆనవాయితీ, ఆయన ఇంట్లో హారతి పట్టడానికి ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ గుర్తురాలేదు. దండ, గడియారం, పూలబొకే చేతుల్లో పెట్టుకుని పోర్టికోలో ఆటో కోసం నిలబడ్డ మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండింది. వాటిని లాక్కుని నేనూ ఆటో ఎక్కాను. దారిలో ఒకచోట ఆపి రెండు కిలోల బీరకాయలు కొన్నాడు. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు.

మూడో అంతస్తు ఎక్కేసరికి ఎదురింటికి తాళం. తలుపు పక్కన క్యాలెండరు మేకు ఖాళీగా ఉంది. గుమ్మం ముందు చెప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక మగమనిషి తోలుచెప్పులు, ఒక ఆడమనిషివి, రెండు జతల పిల్లల బూట్లు.

“పోయిన్రా, లేరా? చెప్పులున్నయి కద” అన్నాడు నాతో. బీరకాయల సంచి చేతిలోనే ఉంది.

నేను వంగి ఒక బూటు చేతిలోకి తీసుకున్నాను. ఆరేళ్ల పిల్లాడిది. లోపల దుమ్ము గడ్డకట్టింది. ఇది ఎన్నాళ్లుగా ఇక్కడుంది అని అడిగితే ఎప్పటినుంచో చూస్తున్నానన్నాడు. ఎప్పటినుంచంటే? నాలుగైదేళ్లు అన్నాడు. నాలుగైదేళ్లు పిల్లాడి కాలు పెరగకుండా ఉంటుందా అండీ అన్నాను. ఆ మాట విని ఆయన బూటు వంక చూశాడు, తర్వాత తాళం వంక చూశాడు. అప్పుడు కింద నుంచి బుచ్చవ్వ ఖాళీ గోనెసంచి పట్టుకుని పైకొచ్చింది, ఆ చెప్పులు తీసి పారేయడానికి.

అమృతమ్మ తమ్ముడు కుటుంబంతో కరీంనగర్ వెళ్లిపోయి నాలుగేళ్లు దాటిందట. పాత చెప్పులు వదిలేసి పోయారు. ఒక్కదానివే ఉంటున్నవని బయటోళ్లకు తెల్వొద్దు, చెప్పులు గట్లనే ఉండనియ్యి అని సలహా చెప్పింది బుచ్చవ్వే. టీవీ కూడా చూడటానికి కాదు, ఇంట్లో ఏదో ఒక సప్పుడుండాలని. అద్దె మొయ్యలేక కాదు, ఆ సప్పుడులో ఒక్కతే ఉండలేక గోల్నాకలో ఎవరో తెలిసినవాళ్ల ఇంట్లో ఒక గది చూసుకుంది. సామానంతా ఒక్క ట్రాలీ ఆటోలో పట్టింది. పన్నెండడుగుల దూరంలో నాలుగేళ్లు ఇద్దరు మనుషులు ఇలా బతికారు. చెప్పులు చూసి ఈయన, గిన్నెలు రాక ఆవిడ, ఎవరింట్లో వాళ్లు.

శివకుమార్ గారు తలుపు తీసి లోపలికి వెళ్లారు. నేను వెనకాల వెళ్లాను. వంటింటి గట్టు మీద పదకొండు గిన్నెలు వరసగా తోమి బోర్లించి ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా మచ్చ లేదు. ఆరేళ్లు వాటిని తుడుస్తూనే ఉన్నట్టున్నాడు. అప్పుడు చెప్పాడు నాకు ఈ కథంతా, గట్టుకు ఆనుకుని, శాలువా భుజం మీంచి జారుతుంటే సర్దుకుంటూ. నాకు జాలి రావాలి, కోపమొచ్చింది. ఆయన మీదా, నా మీదా.

“గుప్పెడు చక్కెర వేసిచ్చినా చాలండీ. గిన్నె ఖాళీగా ఇవ్వనట్టే. మా ఇళ్లల్లోనూ అంతే, మీ ఇళ్లల్లోనూ అంతే. మీకెవరూ చెప్పలేదా?” అన్నాను.



“చక్కెర సాలునా?” అన్నాడు.

చాలు అన్నాను. చక్కెర డబ్బా ఆ గట్టు మీదే ఉంది, గిన్నెలకు జానెడు దూరంలో. ఆయన దాని మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. ఈ ఆరేళ్లలో ఒక్క మధ్యాహ్నం నేను ఇంకోసారి బలవంతపెట్టి ఉంటే, గిన్నెల సంగతి ఆ మాటల్లో ఎప్పుడో బయటపడేది. వద్దంటే వద్దులే అనుకోవడం మర్యాద అనుకున్నాను. చేతులు కాలాక ఇప్పుడు అనుకుని ఏం లాభం.

గుమ్మం దగ్గర బుచ్చవ్వ చెప్పులు సంచిలో వేస్తూ తనలో తాను మాట్లాడుకున్నట్టు అంది.

“పోయేటప్పుడు ఎవరన్న అడిగితె ఇయ్యమని నంబరు రాసిచ్చింది నాకు. ఎవ్వరడుగుతరు గామెను?”

వంటింట్లోకి ఆ మాట వినబడింది. యాభై వేల మందిలో ఎవరినైనా మూడు సొరుగుల్లో పట్టుకునే మనిషి దగ్గర ఎదురింటావిడ నంబరు లేదు. నా నాలుక చివరిదాకా వచ్చింది, ఇటివ్వు బుచ్చవ్వా అని. పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను. ఇది ఆయనే అడగాలి. గిన్నెల వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత మెల్లగా గుమ్మం దాకా నడిచి చెయ్యి చాపాడు.

“నాకియ్యి, బుచ్చవ్వా” అన్నాడు.

అది పాత మందుల చీటీ వెనకాల రాసిన నంబరు. అద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె నొక్కాడు. అవతల చాలాసేపు మోగింది. బుచ్చవ్వ సంచి కింద పెట్టి నిలబడింది.

“అక్కా, నేను. శివకుమార్‌ను. ఎదురింటి…” అన్నాడు. “నీ గిన్నెలు నా తాననే ఉన్నయక్కా.”

అవతలివైపు ఏమన్నదో నాకు వినపడలేదు.

“పదకొండు” అన్నాడు.

తర్వాత ఆయన ఫోను చెవికి అదుముకుని వింటూ ఉన్నాడు. శాలువా కింద పడింది, తీసుకోలేదు. బయట మెట్రో వెళ్లిన శబ్దం వచ్చి పోయింది.

“లేదక్కా” అన్నాడు చివరికి. “ఇంకా తినలే.”